వోల్తెర్రా మునిసిపల్ ఆర్ట్ గ్యాలరీని తొందర లేకుండా ఎలా చూడాలి

ఇటలీలో చాలా చిన్న ఊళ్ళకి మునిసిపాలిటీ నడిపే ఆర్ట్ గ్యాలరీ ఒకటి ఉంటుంది, పినకోతెకా అంటారు, కానీ మనవాళ్ళ టూర్ ప్లాన్లలో అవి దాదాపు కనిపించవు. రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, అంతే. నా మాట వింటే ఫ్లోరెన్స్‌కి పెట్టుకున్న రోజుల్లోంచి ఒకటి తీసి వోల్తెర్రాకి ఇవ్వండి. టస్కనీలో దాదాపు 530 మీటర్ల ఎత్తున కొండ మీద, పాత కోటగోడల మధ్య ఉన్న ఊరు, జనాభా పది వేల లోపే. అక్కడి గ్యాలరీలో బొమ్మలు తక్కువ, కానీ ఉన్నవాటిలో చాలావరకు ఆ ఊళ్ళోని చర్చిల కోసం, ఆ చుట్టుపక్కల మఠాల కోసం వేసినవే. ఏ చర్చి కోసం వేశారో ఆ చర్చి ఇంకా అక్కడే ఉంది, నడిచి వెళ్ళి చూసి రావచ్చు. పెద్ద మ్యూజియంలో ఈ అవకాశం దొరకదు, అక్కడ ఒక్కో బొమ్మా ఒక్కో ఊరి నుంచి వచ్చి గోడకెక్కినదే. అందుకే ఈ గైడ్‌ని గ్యాలరీ లోపలికే పరిమితం చేయకుండా బయటి నడకతో కలిపి రాస్తున్నాను, రెండూ కలిస్తేనే చూడటం పూర్తవుతుంది.

వెళ్ళే ముందు రాత్రి: రెండు కథలు చదువుకోండి

ఇది అన్నిటికంటే తేలికైన పని, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది కూడా. ఈ బొమ్మల్లో ఎవరు ఎవరో తెలియకపోతే రంగులు చూసి బాగుందనుకుని పక్కకి వెళ్ళిపోతాం. ఫోన్లో తెలుగు బైబిల్ తెరిచి లూకా సువార్త మొదటి అధ్యాయంలో 26 నుంచి 38 వరకు, యోహాను సువార్త 19వ అధ్యాయంలో చివరి భాగం చదవండి. మొదటిది గబ్రియేలు దూత వచ్చి మరియకి కొడుకు పుడతాడని చెప్పే ఘట్టం. రెండోది అరిమతయియ యోసేపు, నీకొదేము కలిసి యేసు శరీరాన్ని తీసుకెళ్ళి సమాధి చేసే ఘట్టం. చర్చికి వెళ్ళే ఇళ్ళవాళ్ళకి ఇవి చిన్నప్పటి నుంచీ తెలిసిన కథలే, గుడ్ ఫ్రైడే రోజు విన్నవే, వాళ్ళకి ఈ గ్యాలరీ ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. మిగతావాళ్ళకి పది నిమిషాల చదువు.

ఎలా చేరుకోవాలి

వోల్తెర్రా ఊళ్ళోకి రైలు లేదు. కొండ కింద సలీనె అనే చోట చిన్న స్టేషన్ ఉంది కానీ దాని మీద ఆధారపడి ప్లాన్ వేయకండి. పీసా నుంచి గానీ ఫ్లోరెన్స్ నుంచి గానీ రైల్లో పొంతెదేరా వరకు వెళ్ళి అక్కడ బస్ ఎక్కొచ్చు, లేదంటే ఫ్లోరెన్స్ నుంచి బస్‌లో కొల్లె దీ వాల్ దెల్సా వెళ్ళి అక్కడ ఇంకో బస్ మారొచ్చు. ఎటు నుంచి వచ్చినా రెండు, రెండున్నర గంటలు పోతాయనుకోండి. బస్సులు నడిపేది ఆటోలీనే తొస్కానె, టైమ్ టేబుల్ వాళ్ళ సైట్‌లోనే చూసుకోండి. ఆదివారాలు, పండగ రోజుల్లో బస్సులు బాగా తగ్గిపోతాయి కాబట్టి వారం మధ్యలో పెట్టుకోవడం మంచిది. బస్ దిగగానే చేయాల్సిన మొదటి పని తిరుగు బస్ టైమ్ స్టాప్ దగ్గరే ఫోటో తీసి పెట్టుకోవడం. పీసాలో, ఫ్లోరెన్స్‌లో చదువుకుంటున్న మన పిల్లలకైతే ఇది పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసే ప్రయాణమే.

కారు అద్దెకి తీసుకునేవాళ్ళకి రెండు విషయాలు. మన లైసెన్స్‌తో పాటు ఇండియాలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ దగ్గర ఉండాలి. రెండోది, కోటగోడ లోపల బయటి బండ్లు తిరగకూడదు, జెడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది, కెమెరా నంబర్ ప్లేట్‌ని పట్టేస్తుంది, మీరు ఇంటికి తిరిగొచ్చిన కొన్ని నెలలకి ఫైన్ వస్తుంది, దాని మీద అద్దె కంపెనీ ఛార్జీ అదనం. జీపీఎస్ లోపలికి దారి చూపిస్తున్నా సరే, గోడ బయటి పార్కింగ్‌లో బండి పెట్టి నడిచి ఎక్కండి. రాళ్ళు పరిచిన వీధులు, ఎత్తుపల్లాలు, వాన పడితే జారతాయి, కాబట్టి మంచి పట్టున్న బూట్లు వేసుకోండి.

ఇంకొక మాట. చాలామంది ఒకే రోజులో సాన్ జిమిన్యానో, వోల్తెర్రా రెండూ కలిపేస్తారు. అలా చేస్తే ఒక్కో ఊళ్ళో మిగిలేది మూడు గంటలు, భోజనం, ఐస్‌క్రీమ్ పోగా గ్యాలరీకి అరగంట. దయచేసి అలా చేయకండి.

టికెట్ దగ్గర

గ్యాలరీ వియా దేయి సార్తి అనే వీధిలో, మినూచ్చి సొలాయీని అనే పాత భవనంలో ఉంది. 15వ శతాబ్దం చివరి నాటి కట్టడం, మధ్యలో స్తంభాల వసారాతో చిన్న ముంగిలి. గ్యాలరీని మొదట 1905లో కొర్రాదో రిచ్చి అనే కళా చరిత్రకారుడు ఊరి పాత మునిసిపల్ భవనం పలాజ్జో దేయి ప్రియోరిలో ఏర్పాటు చేశాడు, 1982లో ఇక్కడికి మార్చారు.

ఊళ్ళోని మ్యూజియంలన్నిటికీ కలిపి వోల్తెర్రా కార్డ్ అని ఉంటుంది, 72 గంటలు చెల్లుతుంది. రెండు మూడు చోట్లకి వెళ్ళే ఉద్దేశం ఉంటే అదే తీసుకోండి. చలికాలంలో వేళలు తగ్గుతాయి, కాబట్టి ముందు రోజే సైట్‌లో చూసుకోండి, లేదా ఊరి మధ్య చౌక్‌లో ఉన్న టూరిస్ట్ ఆఫీసులో అడగండి. ముఖ్యంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రోస్సో బొమ్మ (యేసు శరీరాన్ని సిలువ మీద నుంచి దించే దృశ్యం, ఈ గ్యాలరీలో అన్నిటికంటే పేరున్నది) ఈ రోజు గోడ మీదే ఉందా? ఇలాంటి బొమ్మలు అప్పుడప్పుడు మరమ్మతుకో ఎగ్జిబిషన్‌కో వెళ్తుంటాయి, అంత దూరం వెళ్ళి ఖాళీ గోడ చూడటం కంటే ముందే అడిగి తెలుసుకోవడం నయం. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆ సంగతి కూడా టికెట్ దగ్గరే అడగండి. ఫ్లాష్ ఆపేయండి, బ్యాగు ముందుకి వేసుకోండి, చెక్క మీద వేసిన ఐదారు వందల ఏళ్ళ రంగు అది.

లోపల: వరస తప్పకండి

లోపలికి అడుగుపెట్టగానే నేరుగా రోస్సో దగ్గరికి పరుగెత్తాలనిపిస్తుంది, బయట పోస్టర్ల మీద ఉండేది అదే కాబట్టి. ఆగండి. ఆ బొమ్మ ఎందుకు అంత విచిత్రమైనదో తెలియాలంటే దానికి ముందు వేసినవి కళ్ళలో ఉండాలి. నేను చెప్పేది నాలుగు బొమ్మలు, తేదీల వరసలో: 1411, 1491, 1492, 1521. మిగతావి దారిలో కనిపించినవి కనిపించినట్టు చూడండి, అన్నీ చూసి తీరాలన్న టెన్షన్ పెట్టుకోవద్దు.

మొదట తద్దేయో ది బార్తొలో 1411లో వేసిన బంగారు బొమ్మ దగ్గర నిలబడండి. సియేనాకి చెందిన చిత్రకారుడు. ఒక్క పలక కాదు, చాలా పలకలు కలిపి కట్టినది, మధ్యలో బిడ్డతో మరియ, రెండు వైపులా పరిశుద్ధులు, పైన మొనదేరిన తోరణాలు. ముందు చెక్క మీద తెల్లటి సుద్దపూత వేసి నునుపు చేస్తారు, దాని మీద ఎర్రమట్టి పూత, ఆ పైన పలచగా కొట్టిన బంగారు రేకు అంటిస్తారు, రంగులేమో గుడ్డుసొనలో కలిపి వేస్తారు. బంగారం అరిగిన చోట కింది ఎర్రమట్టి కనిపిస్తుందేమో వెతకండి. తర్వాత కొంచెం మోకాళ్ళు వంచి, తలని కుడికీ ఎడమకీ నెమ్మదిగా కదపండి, తలల చుట్టూ ఉన్న వలయాల్లో చిన్న చిన్న ముద్రలు వెలుగు పట్టి మెరుస్తాయి. కొవ్వొత్తుల వెలుగులో, మోకాళ్ళ మీద ఉన్న మనిషి కోసం చేసిన పని అది, నిటారుగా నిలబడి ట్యూబ్‌లైట్ వెలుగులో చూస్తే సగమే తెలుస్తుంది. ఇక్కడ ఆకాశం లేదు, నేల లేదు, దూరం లేదు, మనుషుల వెనక ఉన్నదంతా బంగారమే. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఎనభై ఏళ్ళు ముందుకి. లూకా సిగ్నొరెల్లి 1491లో వేసిన రెండు బొమ్మలున్నాయి, ఒకటి మరియతో పాటు పరిశుద్ధులున్న పెద్దది, ఇంకొకటి గబ్రియేలు దూత వచ్చే ఘట్టం. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. బంగారం పోయింది, దాని స్థానంలో నిజమైన చోటు వచ్చింది: మరియ స్తంభాల వసారాలో నిలబడి ఉంది, నేల మీద గీతలు లోపలికి పోతున్నాయి, వెనక దూరం కనిపిస్తోంది. దూత అప్పుడే విసురుగా వచ్చి ఆగినట్టున్నాడు. ఆమె ఉలికిపాటుకి చేతిలో పుస్తకం కింద పడింది. పైన ఎడమ వైపు ఆకాశంలో దేవుడు. ఈ బొమ్మ ముందు చేయాల్సింది ఒక్కటే, నేల గీతల్ని వేలితో గాల్లో గీస్తూ అవి ఎక్కడ కలుస్తాయో చూడండి. పిల్లలు వెంట ఉంటే ఈ పని వాళ్ళకి అప్పజెప్పండి, మనకంటే త్వరగా పట్టేస్తారు.

పక్క సంవత్సరం, 1492, దొమేనికో గిర్లందాయో. ఫ్లోరెన్స్‌లో అప్పట్లో పేరున్న వర్క్‌షాప్ ఆయనది, కుర్రాడిగా ఉన్నప్పుడు మైఖెలాంజెలో పని నేర్చుకున్నది అక్కడే. మేఘాల మీద క్రీస్తు, కింద నలుగురు పరిశుద్ధులు: బెనెడిక్ట్, రొమ్వాల్డ్, ఇంకా అత్తీనియా, గ్రెచీనియానా అనే ఇద్దరు స్త్రీలు. ఈ ఇద్దరి పేర్లు మీరెక్కడా విని ఉండరు, వాళ్ళు వోల్తెర్రాకి చెందిన హతసాక్షులు, మన ఊరి గ్రామదేవత పేరు పక్క జిల్లాలో తెలియనట్టే. కింద మూలన చేతులు జోడించి ఉన్నది బొమ్మ వేయించిన మఠాధిపతి. వెనక దూరంగా పరచుకున్న భూమిని తీరిగ్గా చూడండి. రొమ్వాల్డ్ స్థాపించిన కమాల్దోలి సన్యాసుల మఠం కోసం వేసిన బొమ్మ ఇది, ఆ మఠం ఊరి పశ్చిమాన, సాయంత్రం అక్కడికి వెళ్దాం.

ఇక్కడ ఒక చరిత్ర ముక్క తెలిస్తే బాగుంటుంది. 1472లో పటిక గనుల గొడవ మీద ఫ్లోరెన్స్ సైన్యం, ఫెదెరీకో ద మోంతెఫెల్త్రో నాయకత్వంలో, ఈ ఊరిని ముట్టడించి దోచుకుంది. ఊరి స్వేచ్ఛ అక్కడితో పోయింది, పక్కనే కొండ కొమ్మున కనిపించే పెద్ద కోట ఆ తర్వాత ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదీచీ వంశంవాళ్ళు పూర్తి చేసినదే, ఇప్పుడు అది జైలు. అంటే మీరు చూస్తున్న 1491, 1492 నాటి ఈ ప్రశాంతమైన బొమ్మలు ఆ దోపిడీని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా బతికి ఉండగా వేసినవి. ఇది తెలిశాక ఆ ప్రశాంతత నాకు ఇంకోలా కనిపిస్తుంది.

ఇప్పుడు రోస్సో

సిగ్నొరెల్లి నుంచి దీనికి ముప్పై ఏళ్ళే తేడా. బొమ్మ మూడు మీటర్లకి పైగా ఎత్తు. వేసినవాడి అసలు పేరు జొవాన్ని బత్తీస్తా, జుట్టు ఎర్రగా ఉండటంతో రోస్సో అనేవారు. ఇది వేసేనాటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తర్వాత ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ దగ్గరికి వెళ్ళి ఫోంతెన్‌బ్లో రాజభవనంలో పని చేశాడు, 1540లో అక్కడే పోయాడు.

ముందు దూరంగా, ఎదురు గోడకి ఆనుకుని చూడండి. రెండు మూడు నిమిషాల దాకా దగ్గరికి వెళ్ళొద్దు. సిలువ, దానికి ఆనించిన మూడు నిచ్చెనలు, మనుషులంతా వాటి మీద వేలాడుతున్నట్టు ఉంటారు. ఆకాశం చూడండి, మేఘం లేదు, లోతు లేదు, నీలం బూడిద కలిసిన ఒకే రంగు పలక. సిగ్నొరెల్లి అంత కష్టపడి తెచ్చిన దూరాన్ని ఈయన తీసేశాడు, తద్దేయో బంగారం ఉన్నచోట ఇప్పుడు ఈ గోడలాంటి ఆకాశం ఉంది. వరసలో చూడమన్నది ఈ ఒక్క క్షణం కోసమే.

తర్వాత పై నుంచి కిందికి రండి. పైన నలుగురు మగవాళ్ళు. అందరికంటే పైన, సిలువ అడ్డదూలం మీదుగా వంగి ఉన్న ముసలాయన, గాలికి ఎగిరే వస్త్రం, నీకొదేము అనుకుంటారు. మిగతావాళ్ళలో నోరు తెరిచి అరుస్తున్న మనిషిని చూడండి. శరీరం పట్టు జారుతోంది. శవాన్ని నెమ్మదిగా, భక్తిగా దించే దృశ్యం కాదిది, నిచ్చెన మీద నలుగురు బరువు మోస్తూ ఒకళ్ళ మీద ఒకళ్ళు కేకలేసుకునే క్షణం. మన ఊళ్ళో ఎవరినైనా మేడ మీద నుంచి కిందికి దించేటప్పుడు అక్కడ ఉన్నవాళ్ళకి ఆ కేకలు తెలుసు.

యేసు శరీరం ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. ముఖం మాత్రం దాదాపు నవ్వుతున్నట్టు. పైన అంత గలాటా జరుగుతుంటే ఆ ముఖంలో ఉన్న నెమ్మది ఏమిటో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాల్సిందే, నేను వివరించలేను.

కిందికి వస్తే శబ్దం ఆగిపోతుంది. ఎడమ వైపు ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఒరిగిపోతున్న మరియ. ఆమె కాళ్ళని చుట్టుకుని మోకాళ్ళ మీద మగ్దలేనే మరియ, ఎర్రటి గౌను, మడతలు గుడ్డలా మెత్తగా లేవు, కత్తితో చెక్కినట్టు పదునుగా ఉన్నాయి. కుడి వైపు యోహాను, పెద్ద దుప్పటి లాంటి వస్త్రం కప్పుకుని, సిలువకి వీపు తిప్పి, ముఖం చేతుల్లో దాచుకుని. ఏడుస్తున్న ముఖం చూపించకుండా ఏడుపు చూపించాడు. చాలామంది ఈ మూల దగ్గరే ఆగిపోతారు, నేనూ అంతే.

ఇప్పుడు దగ్గరికి వెళ్ళండి, నిచ్చెన అడుగున చిత్రకారుడి లాటిన్ సంతకం, 1521 అన్న రోమన్ అంకెలు వెతకండి. వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడండి. చివరగా వెనక్కి వచ్చి మళ్ళీ కూర్చోవడానికి చోటుంటే కూర్చోండి. గదిలో మీరొక్కరే ఉండే అవకాశం చాలా ఉంది, ఆ అదృష్టాన్ని ఫోటోలకి ఖర్చు చేయకండి, ఫోటో చివరి నిమిషంలో తీసుకోవచ్చు.

బయటికి వచ్చాక

భోజనం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర లోపు ముగించండి, ఆ తర్వాత చాలా వంటగదులు సాయంత్రం దాకా మూసేస్తారు. శాకాహారులు పప్పా అల్ పొమొదోరో అడగొచ్చు, రొట్టె, టమాటా కలిపి ఉడికించే వంటకం, "సెంజా కార్నె" అంటే మాంసం లేకుండా అని. కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తారు కాబట్టి అది కూడా అడిగి తినండి.

తిన్నాక ఊరి పశ్చిమ ద్వారం వైపు, సాన్ ఫ్రాంచెస్కో చర్చికి నడవండి. గ్యాలరీ నుంచి పది నిమిషాలు. చర్చికి ఆనుకుని సిలువ పేరు మీద ఉన్న ఒక భక్తబృందం ప్రార్థనా మందిరం ఉంది, క్రోచె ది జోర్నో అంటారు. రోస్సో బొమ్మని వేయించింది ఈ బృందమే, అది మొదట నిలబడింది ఇక్కడే, తర్వాత కొంతకాలం కతీడ్రల్‌లో ఉండి గ్యాలరీకి చేరింది. లోపల గోడల నిండా చెన్ని ది ఫ్రాంచెస్కో 1410లో వేసిన కుడ్యచిత్రాలు, సిలువ చెక్క ఎక్కడి చెట్టు నుంచి వచ్చింది, ఎవరి చేతులు మారింది అన్న పురాణ కథ. అంటే రోస్సో బొమ్మ ముందు ప్రార్థించేవాళ్ళకి చుట్టూ ఆ చెక్క కథంతా కనిపిస్తుండేది, ఎదురుగా ఆ చెక్కకి వేలాడిన మనిషి. ఇక్కడ నిలబడి, పొద్దున చూసిన బొమ్మని ఆ గది ముందు భాగంలో ఊహించుకోండి. మందిరం మూసి ఉంటే టూరిస్ట్ ఆఫీసులో ఎప్పుడు తెరుస్తారో అడిగి ఉంచుకోవడం మేలు.

ఓపిక ఉంటే అదే దారిలో ఇంకో ఇరవై నిమిషాలు నడిస్తే బాల్జె వస్తుంది. మట్టి, ఇసుక నేల కోసుకుపోయి ఏర్పడిన లోతైన కొండచరియలు, శతాబ్దాలుగా ఒక్కో ముక్కా విరిగిపడుతూ రోమన్ల కంటే ముందు ఇక్కడ ఉన్న ఎట్రుస్కన్ల సమాధుల్నీ, గోడల్నీ, ఒక పాత చర్చినీ మింగేశాయి. దాని అంచున కనిపించే పెద్ద శిథిల భవనమే గిర్లందాయో బొమ్మ ఉన్న మఠం. 1846 భూకంపం తర్వాత, నేల జారిపోతుందన్న భయంతో 1861లో సన్యాసులు వదిలి వెళ్ళిపోయారు. బొమ్మని ఊళ్ళోకి తీసుకురాకపోయి ఉంటే దాని గతి ఏమయ్యేదో ఆ అంచున నిలబడితే తెలుస్తుంది. మునిసిపల్ గ్యాలరీ చేసిన పని ఎంత విలువైనదో నాకు అర్థమైంది అక్కడే.

టైమ్ మిగిలితే గ్వార్నాచ్చి మ్యూజియం చూడండి, 1761లో మారియో గ్వార్నాచ్చి తన ఎట్రుస్కన్ వస్తువుల సేకరణని ఊరి జనానికి రాసిచ్చినప్పుడు మొదలైంది. వందల కొద్దీ చితాభస్మపు పెట్టెలు, ఇంకా సాయంత్రపు నీడలా సాగిపోయిన సన్నటి కంచు బొమ్మ ఒకటి, రెండడుగుల లోపే ఉంటుంది. లేకపోతే వదిలేయండి.

కొనాలనుకుంటే ఇక్కడి అలబాస్టర్ కొనండి, ఊరి చేతివృత్తి అదే, గ్యాలరీని ఆనుకునే దాని మ్యూజియం కూడా ఉంది. ఇది జిప్సమ్ రాయి, చాలా మెత్తన, గోటితో గీస్తే గీత పడుతుంది, పాలరాయి మీద పడదు. అమ్మేవాళ్ళని అడిగి వస్తువు అడుగున, కనిపించని చోట పరీక్షించండి. నీళ్ళలో నానబెట్టకూడదు, సబ్బుతో కడగకూడదు, పొడి గుడ్డతో తుడవాలి, కాబట్టి దీపపు కుందెగానో పూలకుండీగానో వాడదామని తీసుకోవద్దు. షాపు వెనకే చెక్కే పని జరిగే చోట కొంటే ఎవరు చేశారో చూసి కొన్నట్టవుతుంది.

రాత్రికి ఫ్లోరెన్స్ తిరిగొస్తే, మర్నాడు పొద్దున ఇంకొక చిన్న పని. పొంతె వెక్యో వంతెన దాటగానే ఎడమ చేతి వైపు సాంతా ఫెలీచితా చర్చి. లోపల కుడి వైపు మొదటి గదిలో పొంతొర్మో అదే ఘట్టాన్ని, రోస్సో వేసిన కొన్నేళ్ళకి, 1525 తర్వాత వేశాడు. ఇద్దరూ దాదాపు ఒకే వయసువాళ్ళు, ఇద్దరూ అంద్రేయా దెల్ సార్తో దగ్గర తయారైనవాళ్ళు. ఇక్కడ సిలువ లేదు, నిచ్చెన లేదు, లేత గులాబీ, లేత నీలం బట్టల్లో మనుషులు గాల్లో తేలుతున్నట్టు ఉంటారు. ముందు రోజు ఫోన్‌లో తీసుకున్న రోస్సో ఫోటో తెరిచి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చర్చి కాబట్టి ప్రార్థన వేళలు తప్పించుకుని వెళ్ళండి, భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి.